డాక్టరు గారి తోపుడు కారు

మా డాక్టరు వేంకటసుబ్రహ్మణ్యం గారి కారు ఎక్కినవాళ్ళ కంటే తోసినవాళ్ళే ఎక్కువ. రేపల్లెలో పుట్టి పెరిగి, ఆ కారు వెనకాల ఒక్కసారైనా చెయ్యి వెయ్యని మగవాడు ఉన్నాడంటే అతను మంచాన పడినవాడై ఉండాలి. అలాంటివాడికీ విముక్తి లేదు. జ్వరం తగ్గిన మర్నాడే, "నీరసం పోవాలంటే ఒళ్ళు కదలాలోయ్, ఇలా వచ్చి ఒక చెయ్యి వెయ్యి" అని పిలిచేవారు. నా పేరు జనార్దనం, ఆయన దగ్గర కాంపౌండరుని. మిక్స్చర్లు కలపడమే ఉద్యోగం అనుకుని చేరాను. మొదటిరోజు సాయంత్రానికే నా చొక్కా వీపుకి అంటుకుపోయి, ఉద్యోగంలో రెండో భాగం ఏమిటో తెలిసింది.

ఆ కారు గుంటూరులో కాపురం చేసి సీమకి తిరిగి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నారట. దొర వెళ్ళిపోవడానికి దేశం స్వతంత్రం కావడం ఒక కారణమైతే, కారు రెండో కారణమని నా అనుమానం. ఎడమవైపు తలుపు నులకతాడుతో కట్టేసి ఉండేది. లైట్లలో ఒకటి రోడ్డుని చూస్తే, రెండోది కొబ్బరిచెట్లలో కాయలు వెతికేది. ఇంత జరుగుతున్నా ఆయన 'రిపేరు' అనే మాట వాడనిచ్చేవారు కాదు. వైద్యం అనాలి. నెలకోసారి తెనాలిలో మస్తాన్‌రావు మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళేవారు. మస్తాన్‌రావు బానెట్ ఎత్తి లోపల చెయ్యి పెడుతుంటే, ఈయన పక్కన చేతులు కట్టుకుని నిలబడి, కడుపుతో ఉన్న కూతుర్ని ఆసుపత్రికి తెచ్చిన తండ్రిలా, "ఏమంటావు మస్తాన్‌రావ్, ఫరవాలేదుగా" అని అడుగుతుండేవారు.

ఆయన భార్య అనంతలక్ష్మి గారికి మాత్రం ఆ కారుతో ప్రాణం విసిగిపోయింది. ఆవిడ విసుగులో న్యాయం ఉంది. బాపట్లలో ఆవిడ చెల్లెలు సుశీల గారు ఉంటారు. వాళ్ళ ఆఖరివాడి బారసాలకని ముగ్గురం ఆ కారులోనే బయలుదేరాం. అంత దూరమూ బుద్ధిగా నడిచిన కారు వ్యవసాయ కళాశాల గేటు ముందు సరిగ్గా కుర్రకారంతా బయటికొచ్చే వేళకి ఆగిపోయింది. అప్పట్లో సెల్ఫు నిజంగానే చచ్చి ఉంది, మీట లాగితే ఇంజను అందుకునేది కాదు. డాక్టరు గారు స్టీరింగ్ వదలరు. నేనొక్కణ్ణి చాలను. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఆవిడా దిగారు. ఒక విద్యార్థి పరుగున వచ్చి, "మీరు పక్కకి జరగండి మామ్మగారూ, మేం తోస్తాం" అన్నాడు. ఆవిడకి అప్పటికి నలభై నిండలేదు. కారు తోయించినందుకు ఆవిడ భర్తని వారంలో క్షమించారు. మామ్మగారనిపించినందుకు మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఆ మర్నాడే డాక్టరు గారు కొత్త ఫియట్‌కి బుక్ చేశారు. ఆ రోజుల్లో కారు బుక్ చెయ్యడమంటే మామిడి టెంక పాతి కాయల కోసం కూచోవడమే. ఈలోగా పాతదాన్ని అమ్మేస్తానని సోమవారం ప్రకటించేవారు. మంగళవారం నాటికి, ఇంకొక్క నెల చూద్దాం అనేవారు. ఒకసారి పక్కనున్న నగరం అనే ఊరి నుంచి బ్రహ్మానందం గారని ఒక రైసుమిల్లు ఆయన నిజంగానే కొనడానికి వచ్చారు. డాక్టరు గారు ఆయన్ని కూచోబెట్టి, కారుకి వచ్చిన జబ్బులన్నీ పుట్టినప్పటి నుంచీ వరసగా చెప్పుకొచ్చారు. వింటూ వింటూ ఆయన మొహం పాలిపోయింది. చివరికి నాడి చూపించుకుని, నా చేత ఒక సీసా మిక్స్చరు పట్టించుకుని బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఇక అన్నదమ్ముల సంగతి చెప్పాలి. డాక్టరు గారింటికి అటుపక్క పున్నారావుది, ఇటుపక్క అతని తమ్ముడు బసవేశ్వరరావుది. తండ్రి పోయాక పొలం పంచుకున్నారు, గడ్డివాము పంచుకున్నారు, ఆఖరికి తండ్రి ముచ్చటపడి పెంచిన జత ఎడ్లని కూడా చెరొకటి తోలుకుపోయారు. కాడికి ఎడమపక్క నడిచే దాపటెద్దు అన్నకి, కుడిపక్క నడిచే ఎలపటెద్దు తమ్ముడికి వచ్చాయి. చెరొక కొత్త ఎద్దుని కొని జత కట్టారు. ఏ జతా కుదరలేదు. అన్న బండి కాలవలోకి పోతే, తమ్ముడి బండి వెళ్ళిన దారినే ఇంటికి తిరిగొచ్చేది. తప్పు నీదంటే నీదనుకుని మాటలు మానేశారు. వాళ్ళ భార్యలు కోటిరత్నం, పేరంటాలు అంతకు ముందే మానేశారు కాబట్టి, ఆ విషయంలో వాళ్ళు సీనియర్లు.

మధ్యలో నలిగింది తల్లి వీరరాఘవమ్మ. పొద్దున భోజనం పెద్దకొడుకు ఇంట్లో, రాత్రికి చిన్నకొడుకు ఇంట్లో. ఒకరింట్లో కాస్త ఎక్కువసేపు కూచుంటే రెండోవాళ్ళకి కోపం. అందుకని పగలంతా డాక్టరు గారి అరుగు మీద గడిపేది. ఆవిడకి రక్తపోటు ఉంది. చుట్ట తాగొద్దని డాక్టరు గారు, తాగడం లేదని ఆవిడ రోజూ చెప్పుకునేవారు. ఆవిడ వెనకనుంచి పొగ మాత్రం వస్తూ ఉండేది.

అన్నదమ్ములు మాటలు మానేసిన కొన్నాళ్ళ నుంచీ రోజూ పొద్దున ఎనిమిదింటికి డాక్టరు గారు స్టీరింగ్ ముందు కూచుని, "ఒరేయ్ పున్నారావు" అని ఒక పక్కకీ, "ఒరేయ్ బసవేశ్వరం" అని రెండో పక్కకీ కేక వేసేవారు. వాళ్ళిద్దరూ పుట్టినప్పుడు పురుడు పోసింది డాక్టరు గారి తండ్రిగారే, ఆయనా వైద్యుడే. కాదనే ధైర్యం ఇద్దరికీ లేదు. అంతకు ముందు అందర్నీ పిలిచిన మనిషి, ఇప్పుడు దారినపోయే వాళ్ళు ఎవరైనా మేం తోస్తామన్నా ఒప్పుకునేవారు కాదు. ఒకడితో నీకు హెర్నియా అనేవారు, ఇంకొకడితో నీ చెప్పులు జారతాయి అనేవారు. నాకు హెర్నియా లేదు కనక నేను మధ్యలో నిలబడాలి. పున్నారావు ఎడమ, బసవేశ్వరరావు కుడి.

చిక్కేమిటంటే, ఇద్దరూ ఒకే ఊపున తొయ్యకపోతే కారు తిన్నగా పోదు, పక్కనున్న మురుక్కాలవలోకి పోతుంది. మొదటి వారంలో రెండుసార్లు పోయింది కూడా. ఒకే ఊపు కావాలంటే మాట కలవాలి. వాళ్ళు మాట్లాడుకోరు. అందుకని కారుతో మాట్లాడేవారు. "కారూ, కాస్త ఆగు, కాలు నిలదొక్కుకోనీ" అని అన్న అంటే, "కారూ, ఇందాకటి నుంచీ ఆగే ఉన్నాం, ఇక కదులు" అని తమ్ముడు అనేవాడు. మధ్యలో నేనూ మనిషినేనన్న సంగతి ఇద్దరికీ పట్టేది కాదు. కొన్నాళ్ళకి కారుతో చెప్పే కబుర్లు పెరిగాయి. "కారూ, నారుమడికి ఈ ఏడు ఆలస్యమయ్యేట్టుందే" అని ఒకరు, "కారూ, తొందరపడితే చీడ పడుద్ది" అని మరొకరు. వెనక అరుగు మీద వీరరాఘవమ్మ అన్నీ వింటూ తల ఊపుతూ ఉండేది.

ఒక్క సంగతి నాకు అప్పుడప్పుడు తట్టేది. రోగుల్ని చూడటానికి పల్లెలకి వెళ్ళినప్పుడు డాక్టరు గారు ఎక్కడ ఆగినా కాలవగట్టు ఏటవాలు చూసుకుని ఆపేవారు. తిరిగొచ్చేటప్పుడు బ్రేకు వదిలితే కారు తనంతట తాను జారి బయలుదేరేది, ఎవర్నీ పిలవక్కర్లేదు. మరి ఇంటి దగ్గర వీధి చివర వంతెన ఏటవాలు ఉండగా, గుమ్మం ముందు ఆ చదునులోనే ఎందుకు ఆపుతారు? అడిగితే, "ఇంటి కారు ఇంటిముందే ఉండాలోయ్" అన్నారు. నేను మిక్స్చర్లు కలుపుకోవడానికి వెళ్ళిపోయాను.

డెబ్భై ఒకటిలో ఎండలు ముదిరిన రోజుల్లో విజయవాడ నుంచి కబురు వచ్చింది. ఫియట్ వంతు వచ్చిందట. పక్షంలోపు తేల్చకపోతే తర్వాతివాడికి పోతుందట. అనంతలక్ష్మి గారు ఆ పూట పాయసం చేశారు. డాక్టరు గారు పాయసం తిన్నారు గాని ఏమీ తేల్చలేదు. పాతదానికి ఇంకొక్క విడత వైద్యం చేయిస్తే చాలేమోనన్నారు. రోజులు గడిచిపోతున్నాయి, ఆయన ఆ మాటే తిరగేసి మరగేసి చెబుతున్నారు. చివరికి ఆవిడ నెమ్మదిగా, "ఈసారి బాపట్లకి నడిచే వెళ్తానండి. ఎలాగూ సగం దూరం తోస్తూ నడుస్తూనే ఉన్నానుగా" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. అది చూసి నాకే భయం వేసింది. ఆయన మొహం చూస్తే ఆయనకీ వేసినట్టే ఉంది. అయినా సరేననలేదు.

గడువు రేపటితో ముగుస్తుందనగా ఆవిడే ఊరుకోలేక తెనాలి నుంచి మస్తాన్‌రావుని పిలిపించారు. ఈ కారు ఇంక పనికిరాదని నాలుగు మాటలు అతని నోట చెప్పిస్తే ఈయన వింటారని ఆవిడ ఆశ. అతను పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చాడు. ఎనిమిది కావస్తోంది. డాక్టరు గారు లోపల గడ్డం గీసుకుంటున్నారు. అన్నదమ్ములిద్దరూ అలవాటు ప్రకారం వచ్చి చెరోపక్కా నిలబడ్డారు. మస్తాన్‌రావు బానెట్ ఎత్తాడు. అనంతలక్ష్మి గారు పక్కనే నిలబడి శ్రద్ధగా తొంగి చూస్తున్నారు.

"సార్, ఈ సెల్ఫు వైరు మళ్ళీ ఊడదీశారేంటండి? నేను బిగించిందే కదండి" అని మస్తాన్‌రావు లోపలికి కేకేశాడు. "మూడేళ్ళ కింద కొత్త సెల్ఫు వేశానమ్మా. ఒక్క లాగుకి అందుకుంటది" అని ఆవిడకి చెబుతూనే వైరు తగిలించి, వెళ్ళి మీట లాగాడు.

కారు గుర్రుమని బయలుదేరడానికి సిద్ధమైపోయింది. డిక్కీ మీద చేతులు వేసి నిలబడ్డ అన్నదమ్ములు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో పెట్టారు. డాక్టరు గారు గడ్డానికి ఒకవైపు సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చారు. నా జీవితంలో ఆయన్ని దొంగలా చూసింది ఆ ఒక్కసారే.

"అయితే మూడేళ్ళుగా మాచేత ఊరికే తోయించారాండి?" అని పున్నారావు అడిగాడు.

"ఊరికే కాదురా" అన్నారాయన. "మీ అమ్మకి రక్తపోటు ఏ మందుకీ దిగలేదు. మీరిద్దరూ పక్కపక్కన నిలబడి కారు తోసిన రోజు సాయంత్రం చూస్తే దిగింది. మర్నాడు వేరేవాళ్ళు తోశారు, మళ్ళీ పెరిగింది. నేను వైద్యుణ్ణి. గుణం కనబడ్డ మందు ఎలా ఆపుతాను?"

మొదటినుంచీ మొండివాడని పేరుపడ్డ తమ్ముడు కోప్పడి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. బసవేశ్వరరావు అరుగు మీది తల్లిని చూశాడు. తరవాత కారు వంక చూసి ఏదో అనబోయి, ఆపి, ఇటు తిరిగాడు.

"అన్నయ్యా, ఆ ఎలపటెద్దు నా దగ్గర మేత సరిగా మెయ్యట్లేదు. సాయంత్రం తోలుకొస్తా" అన్నాడు.

"రాత్రికి అన్నం కూడా మా ఇంటో తిను" అన్నాడు పున్నారావు. వీరరాఘవమ్మ, "ఇయ్యాల చుట్ట కాల్చుకోవచ్చా డాట్రుగారూ" అని అడిగింది. ఆయన కాల్చుకోమన్నారు.

ఆ పూటే డాక్టరు గారు, కొత్త కారు తీసుకుంటున్నామని విజయవాడకి తంతి ఇప్పించారు. పాతదాన్ని మస్తాన్‌రావు తెనాలి తీసుకెళ్ళాడు. తోయించుకోకుండా ఆ కారు ఊరు దాటడం చూడటానికి వీధి వీధంతా వచ్చి నిలబడింది. డాక్టరు గారు వంతెన దాకా దాని వెంట నడిచి వెళ్ళి వచ్చారు. ఆయన ఇంకేం బెంగపెట్టుకోలేదు. వైద్యం పూర్తయిందన్నారు.

నాట్ల రోజుల్లో తెల్లటి ఫియట్ వచ్చింది. తాళం తిప్పగానే అందుకునేది. నాకు వీపునొప్పి తగ్గింది. ఎడ్లు రెండూ పాత కాడి కిందికి చేరి బుద్ధిగా నడుస్తున్నాయి. అన్నదమ్ములు కలిసి పొలం వెళ్తున్నారు. కాకపోతే కోటిరత్నం, పేరంటాలు ఇంకా పలకరించుకోవడం లేదు. బిందెలతో ఎదురుపడితే చెరొక గోడా చూసుకుంటూ పోతున్నారు.

ఒకనాడు పొద్దున బాపట్ల ప్రయాణం పెట్టుకున్నాం. అనంతలక్ష్మి గారు పట్టుచీర కట్టుకుని అందరికంటే ముందే వచ్చి కారు పక్కన నిలబడ్డారు. డాక్టరు గారు తాళం తిప్పారు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పారు. ఉలుకూ పలుకూ లేదు. కొత్త కారుకి ఇదేం రోగమని ఆయన నిజంగానే కంగారుపడి, దిగి బానెట్ ఎత్తారు. లోపలికి చూశారు. తరవాత భార్య చేతుల వంక చూశారు. నేనూ చూశాను. పట్టుచీర కట్టుకున్న మనిషికి వేళ్ళ నిండా నల్లటి గ్రీజు.

"చూస్తారేంటి, వెళ్ళి స్టీరింగ్ పట్టుకోండి" అన్నారావిడ. "మగాళ్ళు నాట్లకి పోయారు. జనార్దనం, నువ్వెళ్ళి పేరంటాల్ని పిలు. కోటిరత్నాన్ని నే పిలుచుకొస్తా."

డాక్టరు గారు బానెట్‌ని చప్పుడు కాకుండా దించి, వెళ్ళి బుద్ధిగా కూచున్నారు. తోటికోడళ్ళిద్దరూ కొంగులు దోపుకుని వచ్చారు. కోటిరత్నం ఎడమ, పేరంటాలు కుడి. అరుగు మీద వీరరాఘవమ్మ బాగా కనబడేలా కాస్త ముందుకి జరిగి కూచుంది. కోటిరత్నం డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, కారు వంకే చూస్తూ నోరు విప్పింది.

"కారూ, నిదానంగా పో. పక్కవాళ్ళవి మట్టిగాజులు, చిట్లుతాయి" అంది.

పేరంటాలు నవ్వాపుకోవడం నాకు వినబడింది. నేను ఎప్పట్లాగే మధ్యలో నిలబడి తోశాను.