దేవాంగపిల్లి కాదది

పగలు నిద్రపోవలసిన ప్రాణిని పగలంతా లేపి ఆడించారు, ఎగరవలసిన ప్రాణిని మూరెడు పెట్టెలో కుక్కారు. ఇది తప్పు. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

నిన్న ఎవరో ఫోన్‌లో వీడియో పంపారు. అరచేతిలో పట్టేంత ఆఫ్రికా జంతువు, బుష్‌బేబీ అంటారు, పట్టపగటి వెలుతురుకు పెద్ద కళ్ళు చికిలించుకుంటుంటే కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం కరోనా ఏడాది గుర్తొచ్చింది.

గల్ఫ్‌లో రువైస్ అనే ఊళ్ళో పని ముగించుకుని ఇంటికి బయల్దేరే వేళకు విమానాలు ఆగిపోయి, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా మేనల్లుడి ఫ్లాట్‌లో చిక్కుబడ్డాను. వాడి ముదీర్, అంటే పై అధికారి, అంతకు ముందే తన దేశం వెళుతూ, రెండు వారాలు చూసుకోమని ఇలాంటి ప్రాణినే ఒకదాన్ని వాడి చేతిలో పెట్టాడట. కడప పిల్ల, మేనల్లుడి భార్య, చూడగానే "ఓయమ్మ, దేవాంగపిల్లి!" అందట. ఆ పేరే కొంప ముంచింది. మన అడవుల్లో దేవాంగపిల్లి మెల్లగా పాకే జీవి కదా, దానికి చోటెందుకని పిల్లుల్ని మోసే పెట్టెలోనే ఉంచేశారు.

దేవాంగపిల్లికి తోకుండదమ్మా, దీనికి ఒంటికంటే పొడుగు తోకుంది చూడు అంటే, "తోకుంటే ఇల్లు మార్చాల్నా మామా?" అని నవ్వింది.

బడి చదువు లేకపోయినా దొరికిందల్లా చదివే అలవాటు నాది. ఇది మనిషి తల దాటి ఎగరగలదనీ, నిద్రలో చెవులు కాగితంలా మడుచుకుంటుందనీ, చేతులకూ కాళ్ళకూ తన మూత్రమే పూసుకోవడం దాని పద్ధతనీ చదివి చెప్పాను. వింటేనా! కంపని రోజూ షాంపూ స్నానం. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఫోన్ మీటింగుల్లో అందరికీ చూపించడానికి మేనల్లుడు దాన్ని పగలే లేపేవాడు. పొద్దుగూకితే అది చంటిబిడ్డలా ఏడ్చేది. ఒకనాటి నుంచి ఆ ఏడుపూ ఆగింది, తిండీ ఆగింది.

పశువుల డాక్టరుకిచ్చేద్దాం రా అంటే వాడు వణికిపోయాడు. "ముదీర్‌ను అడక్కుండానా మామా? దానికేమన్నా అయితే నా వీసా ఖలాస్!"

అడవిలో అది పురుగులతోపాటు తుమ్మబంక తింటుందని చదివి, మాస్కు కట్టుకుని పక్కనే ఉన్న ముసఫ్ఫాలో మూలికలూ ధూపాలూ అమ్మే అత్తరు కొట్లన్నీ తిరిగి బంక తెచ్చి, నీళ్ళలో నానబెట్టి వేలితో అందించాను. మొదట చూడనైనా చూడలేదు. ఆనక సన్నని నాలుక చాపి నాకింది. ఆ కడప పిల్లే పెట్టె తలుపు తీసి, గదంతా దానికి వదిలేసి, "చిన్నప్పుడు మేమూ తిన్నాం మామా ఈ బంక" అని కళ్ళొత్తుకుంది. కోలుకుంటుందో లేదోనన్న బెంగ మాత్రం మా ముగ్గురికీ తీరలేదు.

ఇప్పుడు ఏ ప్రాణినైనా ఫోన్ చిటికెలో చూపిస్తుంది, ఇదేం తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది అని అడిగేవాళ్ళే తగ్గిపోయారు. మా కాలంలో కొత్త మేక ఇంటికొస్తే ముందు అదే అడిగేవాళ్ళం.

డాక్టరుకివ్వడానికి అనుమతి అడుగుతూ ముదీర్‌కు రోజూ నేనే సందేశం పెట్టాను. చూసేవాడు, పలికేవాడు కాదు. చివరికి హిందీలో జవాబొచ్చింది, ఆ సాయంత్రమే దాన్ని ముసఫ్ఫాలో పశువుల డాక్టరుకు అప్పగించాం. మా మేనల్లుడు అన్ని వారాలు వణికింది ఈ ముక్క కోసం:

"అరే చాచా, అది ఇంకా బతికే ఉందా? నేనిక్కడ కుక్కపిల్లను తెచ్చుకున్నాను. మీ ఇష్టం, ఏమైనా చేసుకోండి."