అత్త చేతిలో రెండు ముక్క

మోకాలి ఆపరేషనయ్యాక మా అత్తగారు మలేసియాలోనే ఉన్న ఇపో ఊరి నుంచి సైబర్‌జయలోని మా ఇంటికి వచ్చి కొన్ని నెలలు ఉన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి నడవమంటే నడిచేవారు కాదు. సీరియళ్లలో ఏడుపు ఎక్కువైందని టీవీ కట్టేశారు. తోచక నా వంటింటి డబ్బాలన్నీ సర్దడం మొదలుపెట్టారు. ఉప్పు ఎక్కడుందో, పంచదార ఎక్కడుందో తెలియక నేను ఒకరోజు చారులో పంచదార వేశాక, మా ఆయన ఒక టాబ్లెట్ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. అందులో వీడియో పోకర్ ఉంది. డబ్బుతో పనిలేదు, ఉత్తుత్తి నాణేలే.

తెర మీద ఐదు పేక ముక్కలు పడతాయి. కావలసినవి ఉంచుకుని, తక్కినవి ఒక్కసారి మార్చుకోవచ్చు. అంతే ఆట. అయితే ఈ ఆటలో చాలా రకాలున్నాయి. మా అత్తగారికి దొరికిన రకంలో రెండు అంకె ఉన్న ముక్కలు నాలుగూ జోకర్లు. ఏది తక్కువైతే దాని బదులు చెల్లుతాయి. జోకర్లు అంత దండిగా ఉన్నాయి కాబట్టి, ఒకేలాంటివి మూడో, అంతకన్నా పెద్ద చేయో పడితే తప్ప ఏమీ రాదు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆట అన్నాక దాని లెక్క తేల్చకుండా ఉండలేను. ఆవిడ పక్కన కూర్చున్నాను. మొదటి చేతిలోనే ఆవిడ రాణిని ఉంచుకుని, రెండును పారేశారు.

"అత్తా, ఏటి సేస్తన్నారు? రెండుని ఎవులైనా పారేస్తారా?"

"దానికేటి ఇలవ? అన్నిటికన్నా సిన్నది. రాణిని ఉంచినాను సూడు. ఆడకూతుర్ని ఇంట్లోంచి ఎలగొడతామేటే?"

"అది ఒంటరి రాణి అత్తా. ఒంటరిగా ఉంటే దేనికీ పనికిరాదు."

"మీ మావ పోయినకాడ్నుంచి నానూ ఒంటరిదాన్నే," అన్నారు.

లెక్కలతో లాభం లేదని ఇంకో దారి పట్టాను. ఆవిడ పుట్టింది రబ్బరు తోటలో.

"రాజు తోట దొర అనుకోండి అత్తా. జాకీ కంగాణీ, కూలోళ్లని అదిలించేవోడు. రెండు కూలోడు. రబ్బరు పాలు గీసేవోడు రాకపోతే ఈడు గీస్తాడు. లారీకెత్తేవోడు రాకపోతే ఈడు ఎత్తుతాడు. దొర రాకపోతే దొర కుర్సీలో కూడా ఈడే కూసుంటాడు."

ఆవిడ పకపకా నవ్వారు. "మా అయ్య ఓపాలి కూసున్నాడే! కంగాణీ సూసి, కర్రట్టుకుని కాలవ దాకా తరిమినాడు."

ఆ రోజు నుంచి రెండు పడితే ప్రాణం పోయినా వదిలేవారు కాదు. ఒంటరి రాజు పడితే మహదానందంగా పారేసేవారు. "ఎల్లెల్లు దొరా, మీ సీమకెల్లిపో లా!" అని చివర మలేసియా వాళ్ల 'లా' తగిలించి ఆవిడ సాగనంపడం పక్క ఫ్లాటుకి కూడా వినిపించేది. రాణిని మాత్రం వదలరు. ఇక రెండు జతలు పడితే ఒక జతను ఉంచుకుని రెండోది మార్చేయడం మంచిదని చెప్పిన రోజున పెద్ద గొడవే అయింది.

"రెండు కాపరాలుంటే ఒక కాపరం ఎత్తేయమంటావేటి? ఇదేనేటి సదువు?"

రెండ్లు నాలుగూ ఒకే చేతిలో పడటం దాదాపు ఐదువేల ఆటలకొకసారి జరిగే సంగతి. అది మా ఇంట్లో నేను ఆఫీసు వీడియో మీటింగులో ఉండగా జరిగింది. ఫిజియోథెరపీ అమ్మాయి బతిమాలినా గుమ్మం దాటని మనిషి, చేతికర్ర లేకుండా హాలు దాటి, నా గదిలోకొచ్చి కెమెరా ముందు నిలబడ్డారు.

"పిల్లా! నలుగురూ వచ్చినారే! నలుగురు కూలోళ్లూ వచ్చినారు!"

మా మేనేజరు తమిళాయన, కూలోళ్లన్న మాట ఒక్కటే అర్థమైంది. ఇంటికి పనివాళ్లొచ్చినట్టున్నారు, ముందు వాళ్ల సంగతి చూసుకొమ్మని మర్యాదగా మీటింగు ముగించాడు.

మోకాలు నయమై అత్తగారు ఇపో వెళ్లిపోయారు. కొన్నాళ్లకు అక్కడ ఆవిడ వెళ్లే గుడి ఆడవాళ్లంతా కలిసి చలిగాలి కోసమని కొండ మీదికి బస్సు మాట్లాడారు. ఆ కొండ మీద చలిగాలితోపాటు కాసినో కూడా ఉంది. ఆ సంగతి బస్సులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అత్తగారు నన్ను కూడా రమ్మన్నారు. "నువ్వుంటే లెక్క సెప్తావు," అన్నారు.

గుమ్మం దగ్గర కాపలా అతను ఆవిడ రబ్బరు చెప్పులు చూసి ఆపేశాడు. అత్తగారు వెనక్కి వెళ్లి బస్సు డ్రైవరు బూట్లు అడిగి తొడుక్కొచ్చారు. పట్టుచీర, స్వెటరు, కింద ఆ బూట్లు. డ్రైవరు వట్టి కాళ్లతో బస్సులో మఠం వేసుకుని కూర్చున్నాడు.

లోపల ఒక మూల వీడియో పోకర్ యంత్రం దొరికింది. దాని పైన రాసి ఉన్న పట్టిక చదివాను. ఇది వేరే రకం. ఇక్కడ జోకర్లే లేవు. జాకీల జత పడినా గెలుపే, రెండు మాత్రం ఉత్త రెండు.

"అత్తా, ఇక్కడ రెండ్లు పారేయాల. జాకీల్ని ఉంచుకోవాల."

"కంగాణీలకి డబ్బిచ్చి కూలోడికి ఇవ్వదేటి? ఏటి మిషనే ఇది?"

పర్సులోంచి నోటు తీసి పెట్టారు. రెండు జాకీలు, ఒక రెండు, ఇంకేవో పడ్డాయి. పక్క యంత్రం దగ్గర కూర్చున్న చైనా అవ్వ తొంగిచూసి, రెండు మీద వేలు పెట్టి "బువాంగ్, బువాంగ్!" అంది, మలయ్ భాషలో పారెయ్యమని.

"తా బోలే!" అన్నారు అత్తగారు, కుదరదని. రెండును ఉంచి జాకీలిద్దర్నీ, తక్కినవాటినీ గెంటేశారు. చైనా అవ్వ "అలామక్!" అని, అయ్యో అన్నట్టు, కళ్లు మూసుకుంది. కొత్తగా పడిన నాలుగు ముక్కల్లో ఒకదానికొకటి సంబంధం లేదు. ఆ తర్వాతి చేతుల్లోనూ అదే పద్ధతి, అదే ఫలితం. తెచ్చుకున్న నోటు కాస్తా అయిపోయాక ఆవిడ సహాయం కోసం పిలిచే మీట నొక్కారు.

యూనిఫారంలో ఒక తమిళ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఈ మిషను కూలోళ్లకి కూలి ఎగ్గొడుతోందని అత్తగారు తమిళంలో ఆమెకు ఫిర్యాదు చేశారు. ఆ అమ్మాయి నా మొహం చూసింది. నేను పైకప్పు కేసి చూశాను. ఆమె ఏమనుకుందో గానీ, వెళ్లి ఒక కప్పు వేడి టీ తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

అత్తగారు టీ తాగి, డ్రైవరు బూట్లు డ్రైవరుకిచ్చి, బస్సెక్కి ప్రకటించారు. "గెలిసినాను."

"ఏటి గెలిసినావు?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

"టీ. పాలు ఎక్కువేసి ఇచ్చినారు."

ఇప్పుడు నెలకో ఆదివారం నేను ఇపో వెళ్తే, మా అత్తగారి హాల్లో గుడి ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఉత్తుత్తి నాణేలే. ఏవి ఉంచాలో, ఏవి మార్చాలో నేను చెప్తాను. ఎవరూ వినరు. ఒకావిడ ఎర్ర ముక్కలే ఉంచుతుంది, మంగళప్రదమని. ఇంకొకావిడ ఐదింటినీ ఉంచేసుకుని ఒక్కటీ మార్చదు. ఎందుకని అడిగితే, పాపం, అంత దూరం మనింటికొచ్చిన ముక్కల్ని ఏ మొహం పెట్టుకుని పొమ్మంటామంది.

మా అత్తగారు తలూపి, ఆవిడకి ఇంకో మురుకు పెట్టారు.