నెలకొకటి మర్చిపోయే మా వర్లిన్

మా మరిది వర్లిన్‌కి ఒకటే జబ్బు. తుపాకుల పోటీకి నాలుగు రోజుల ముందునుంచి సామాను సర్దుతాడు. అంత సర్దీ, తీరా అక్కడికి వెళ్ళాక ఏదో ఒకటి మర్చిపోయానంటాడు. ఒక్కటే. రెండు ఎప్పుడూ మర్చిపోడు. రెండు మర్చిపోతే మామూలు మతిమరుపని ఊరుకునేదాన్ని.

పోటీ అంటే ఏదో బెంచీ మీద కూర్చుని గురి చూడటం కాదు. రైఫిలు, పిస్తోలు, షాట్‌గన్ను మూడూ ఉండాలి. గడియారం కుయ్యిమనగానే పరుగు. ఒకచోట ఒకటి కాల్చి, దాన్ని అక్కడి పీపాలో దించి, ఇంకోచోటికి పరిగెత్తి ఇంకోటి అందుకోవాలి. దగ్గర అట్ట బొమ్మలు, దూరాన ఇనప పలకలు. తప్పుల్లేకుండా ఎవరు ముందు ముగిస్తే వాళ్ళది గెలుపు. వర్లిన్‌కి డెబ్బై ఒకటి. వాడు పరిగెత్తడం చూశాక మా గాడిదల నడక మీద నాకు గౌరవం పెరిగింది.

పోటీ శనివారమైతే మంగళవారం పొద్దునే వాళ్ళ భోజనాల బల్ల మాయమవుతుంది. పైన అంతా సామానే. అన్నీ రెండేసి. చెవులకి కప్పులు రెండు, కళ్ళజోళ్ళు రెండు, వానకి ప్లాస్టిక్ పట్టాలు రెండు, బియ్యపు గింజంత స్ప్రింగు ఒకటి, అది పోతే వెయ్యడానికి మరొకటి. ఆ నాలుగు రోజులూ వాళ్ళావిడ మార్వా సింకు దగ్గర నిలబడే అన్నం తింటుంది. పాత అట్టపెట్టె చింపి రాసుకున్న జాబితా ఒకటుంది వాడికి, అరవై మూడు వస్తువులు. శుక్రవారం రాత్రి భోజనానికి ముందు దాన్ని చర్చిలో పాస్టరుగారిలా పైకి చదువుతాడు. ఒక్కోదానికీ మార్వా "ఉంది" అనాలి. విసుగొచ్చి ఎక్కడైనా "ఉందిలే" అందా, మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

తుపాకులు మొయ్యడానికి మా పోటీల వాళ్ళందరూ ఏవేవో బళ్ళు కొంటారు. వర్లిన్‌ది మనవరాలిని తిప్పిన మూడు చక్రాల తోపుడు బండి. పాప కూర్చునే చోట మూడు తుపాకులు నిలబెట్టి, నడుముకి పట్టీలు బిగించి, ఎండ తగలకుండా గొడుగు మూత దించుతాడు. కొత్తవాళ్ళు ఎవరైనా పాప అనుకుని వంగి చూస్తారు. వీడు నవ్వడు. "ముగ్గురండీ. నడిపివాడికే నోరెక్కువ" అంటాడు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి వర్లిన్‌కి పన్నెండేళ్ళు. చెవులు తప్ప మనిషి లేడు. అన్న లొవెల్, అంటే మా ఆయన, ఎక్కడుంటే వీడు అక్కడ. పోటీలకీ అలాగే అలవాటయ్యాడు. అన్నదమ్ముల్లో పోలిక మాత్రం లేదు. లొవెల్‌ది అరగంట సర్దుడు. శుక్రవారం సాయంత్రం వాకిట్లో సంచి తెరిచి పేరు చెప్పేవాడు, నేను అందించేదాన్ని. చదువు నాకు ఆరో తరగతితో సరి. కానీ కళ్ళు మూసుకుని ఏ పెట్టెలో పెద్ద గుండ్లున్నాయో, ఏ పెట్టెలో సన్న రవ్వలున్నాయో బరువు చూసి చెప్పగలను. బొటనవేలితో తూటాలు మ్యాగజైనులోకి ఒక్కోటీ నొక్కుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడొచ్చేది. చివర సంచి జిప్పు ఒకే లాగుడు. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడకుండా కాఫీ తాగేవాళ్ళం. ఇప్పటికీ శుక్రవారం ఆ వేళకి నా చెయ్యి ఏదో అందించబోయినట్టు ముందుకి పోతుంది. అక్కడ ఎవరూ ఉండరు.

నాలుగేళ్ళ కిందట ఫిబ్రవరిలో లొవెల్ పోయాడు. సంచిని షెడ్డులో మేకుకి తగిలించాను. ఏప్రిల్లో పోటీలు మొదలవుతుంటే క్లబ్బు కార్యదర్శి ఫోను చేశాడు. మీరు రండమ్మా, నీడలో కుర్చీ వేయిస్తాం, మిమ్మల్ని మేం చూసుకుంటాం అన్నాడు. బిటర్ క్రీక్ రేంజిలో ముప్పై ఏళ్ళు అట్ట బొమ్మల చిల్లులకి కాగితాలు అంటించినదాన్ని. నన్ను చూసుకోవడానికి వాడెవడు? పనుంటే వస్తాను, కుర్చీకైతే మా ఇంట్లో నాలుగున్నాయి అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వి పెట్టేశాడు.

వెళ్ళలేదు. ఆ శనివారం కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఎనిమిదింటికి తుపాకులన్నీ ఖాళీవేనని తెరిచి చూపిస్తారు, ఎనిమిదిన్నరకి మొదటి కూత, పదింటికి గాలి లేస్తుంది, అట్టలు పడిపోతాయి. అన్నీ ఇంట్లోనే వినపడ్డాయి నాకు.

మే నెలలో శనివారం పొద్దున్న ఏడింటికి ఫోను మోగింది.

"వదినా, నేను వర్లిన్‌ని."

"తెలుస్తోంది. ఏం కావాలి?"

"షాట్‌గన్ తూటాల పట్టీ మర్చిపోయాను. అన్నయ్యది ఉంది కదా, తెచ్చిపెడతావా?"

"నాలుగు రోజులు సర్ది, నడుముకి కట్టుకునేది మర్చిపోయావా?"

"అవును వదినా. ఎనిమిదిన్నరకి మొదలు."

తిట్టుకుంటూ నలభై మైళ్ళు పోయాను. అక్కడికెళ్ళాక గుర్తొచ్చింది, లొవెల్‌ది ఎడమచేతి వాటం. ఆయన పట్టీలో తూటాలన్నీ అటు తిరిగి ఉంటాయి. వర్లిన్‌ది కుడిచెయ్యి. ఫరవాలేదు వదినా అని కట్టుకున్నాడు. కూత వినగానే పరిగెత్తి, పట్టీ వైపు చూడకుండా చెయ్యి వేస్తే అక్కడేమీ లేదు. రెండో చెయ్యి వేస్తే తూటాలు బఠాణీల్లా కింద రాలాయి. వంగి ఏరుతుంటే కళ్ళజోడు జారింది. గడియారం పట్టుకున్న అధికారి నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు. ముసలివాళ్ళ విభాగంలో ముగ్గురే ఉన్నారు ఆ రోజు, వర్లిన్ మూడో వాడు. ఫిబ్రవరి తర్వాత నేను నవ్వడం అదే మొదలు. అంత దూరం వచ్చి వెంటనే పోవడమెందుకని కాగితాల చుట్ట అందుకున్నాను. చూస్తే వాళ్ళ అంటింపు దరిద్రంగా ఉంది. సాయంత్రం దాకా నేనే అంటించాను. ఇంటికొచ్చి తల్లో దుమ్ముతోనే నిద్రపోయాను. కలలు కూడా రాలేదు.

ఇక అప్పటినుంచి నెలకొకటి. జూన్లో షాట్‌గన్ గొట్టం బిగించే పానా. జూలైలో చెవి కప్పులు. ఒకసారి ఏకంగా మ్యాగజైన్లు, అన్నీ. ఎప్పుడూ అదే వేళకి ఫోను, ఎప్పుడూ నలభై మైళ్ళు, ఎప్పుడూ నేను తిట్టడం, వాడు గుడ్లు దొంగతనంగా తిని దొరికిన కుక్కలా తల దించుకుని వినడం. డాక్టరుకి చూపించమని మార్వాతో చెప్పాను. చూపించామనీ, దానికి మందు లేదన్నారనీ మార్వా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. పాపం ఏడుస్తోందనుకున్నాను. నవంబరు నుంచి మార్చి దాకా మంచు, పోటీలుండవు. ఆ నెలల్లో ఒంట్లో ఏదో వెలితిగా ఉండేది. మోకాళ్ళ నొప్పనుకుని నూనె రాసుకునేదాన్ని.

ఈ ఏడు ఆగస్టులో పశువుల డాక్టరు జోసెట్ మా గాడిదలకి సూదులు వెయ్యడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, పోటీలకి కొత్తగా వస్తోంది. ఎడమచేతి వాటం. అలాంటివాళ్ళకి సరైన సామాను దొరకదు, అన్నీ కుడిచేతి వాళ్ళకే చేస్తారు. షెడ్డులో లొవెల్ షాట్‌గన్ను చూసి ఒకసారి పట్టుకోవచ్చా అంది. ఎత్తి ఎడమ చెంపకి ఆనించింది. నాలుగేళ్ళ తర్వాత ఆ తుపాకి కర్రకి ఎడమ చెంప తగలడం చూసి నేను గాడిదల దగ్గరికి పోయాను.

వారం ఆలోచించాను. మేకుకి వేలాడే సంచిని చూసుకుంటే లొవెల్ తిరిగి రాడు, ఎలకలు మాత్రం వస్తాయి. పరిగెత్తినవి పరిగెత్తుతూనే ఉండాలి. షాట్‌గన్నుని సంచితో సహా జోసెట్‌కి ఇచ్చేశాను. బదులుగా గాడిదలకి బతికున్నన్నాళ్ళూ సూదులు.

వర్లిన్‌కి చెప్తే మనిషి తెల్లబోయాడు. "అన్నీ ఇచ్చేశావా?" అన్నాడు.

"అన్నీ."

"తూటాల పట్టీ కూడానా?"

"అదీ."

"చిన్న చిన్నవి... గొట్టం పానా, చెవి కప్పులూ?"

"నీవి నీకు రెండేసి ఏడిశాయిగా. ఇక మర్చిపోకుండా సర్దుకో."

షెడ్డులోకి పోయి ఖాళీ మేకుని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. అన్న గుర్తొచ్చాడనుకున్నాను.

నాకు బుద్ధి సెప్టెంబరు మొదటి శుక్రవారం సాయంత్రం వచ్చింది. వాడు ఏది మర్చిపోయినా తెచ్చిపెట్టడానికి నా దగ్గర ఇక ఏమీ లేదు. లేనప్పుడు ఫోనెందుకు చేస్తాడు? వెళ్ళే దారిని నా చేత్తో నేనే మూసుకున్నాను. పిలవకుండా పోయి ఆ నీడలో కుర్చీలో కూర్చోవడం నావల్ల కాదు. అయినా బూట్లు తుడిచిపెట్టుకున్నాను. ఊరికే, మట్టిగా ఉన్నాయని.

శనివారం అయిదింటికే లేచి గాడిదలకి మేత వేసి, ఫోను మీద దుమ్ముందని తుడిచాను. ఏడైంది. మళ్ళీ తుడిచాను. ఏడుం పావు. ఆ ఫోను కొన్ననాటి నుంచీ అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. ఏడూ ఇరవైకి మోగింది. నాలుగు మోతలు మోగనిచ్చి తీశాను.

"వదినా."

"ఏమిటి?"

అటు గాలి చప్పుడు. వెనక మార్వా గొంతు ఏదో గొణిగింది.

"ఉప్పు మర్చిపోయాను," అన్నాడు.

"ఏమిటీ?"

"ఉప్పు, వదినా. ఉడకబెట్టిన గుడ్లలోకి."

"అక్కడ అరవై మంది ఉంటారు. ఒక్కరి దగ్గరా ఉప్పు లేదా?"

"నీ ఉప్పు వేరు," అన్నాడు.

ఉప్పు పొట్లం పక్కసీట్లో పెట్టుకుని బయల్దేరాను. దారి పొడుగునా తిట్టాను, కానీ బండి మాత్రం ఎప్పటికంటే తొందరగా పోయింది. నేను వెళ్ళేసరికి జోసెట్ వంతు నడుస్తోంది. పరిగెత్తుతూనే లొవెల్ పట్టీ మీద చెయ్యి వేసి తూటాలు రెండేసి తీసి, రెండేసి షాట్‌గన్నులోకి తోస్తోంది. అదే చప్పుడు. కళ్ళు మూసుకుంటే లొవెల్. మూసుకున్నాను. కాసేపే, అంటించాల్సిన అట్టలున్నాయి.

మధ్యాహ్నం వర్లిన్ గుడ్లు వొలుస్తూ, కాగితం పళ్ళాలు ట్రక్కులో ఉన్నాయి తెమ్మని మార్వాతో అన్నాడు. నేను దగ్గరున్నానని నేనే పోయాను. తిండి పెట్టె తీస్తే పళ్ళాల పైన ఉప్పు సీసా. పక్కన ఇంకో ఉప్పు సీసా. ఏదైనా రెండేసి కదా వాడికి.

పళ్ళాల కింద అట్ట జాబితా ఉంది. నేను చదవడం వేలు పెట్టి చదవడమే, కానీ చదువుతాను. అరవై మూడూ ఉన్నాయి, అన్నిటికీ పక్కన గీతలు. వెనక్కి తిప్పితే పెద్ద అక్షరాలతో "మర్చిపోవలసినవి" అని ఇంకో జాబితా. మే, తూటాల పట్టీ. జూన్, గొట్టం పానా. నాలుగేళ్ళవీ ఉన్నాయి వరసగా. అయిపోయినవి కొట్టేసి ఉన్నాయి. పక్కన నిలువుగా, "ఏడింటికి ముందు చెయ్యొద్దు, గాడిదలకి మేత వేస్తుంటుంది" అని రాసుకున్నాడు. ఈ సెప్టెంబరు దగ్గర అయిదారు రాసి కొట్టేశాడు. ఒక్కోదాని పక్కనా "ఇచ్చేసింది", "ఇచ్చేసింది". చివర, "ఉప్పు. మార్వా చెప్పింది." అక్టోబరు దగ్గర ప్రశ్నార్థకం ఒక్కటే, పెన్సిలు అట్ట చిరిగేలా నొక్కి నొక్కి దిద్ది.

లొవెల్ బతికుండగా వర్లిన్ ఒక్క వస్తువైనా మర్చిపోయిన గుర్తు లేదు నాకు. గెలవాల్సిన మే నెల పోటీలో ఎడమచేతి పట్టీ కట్టుకుని అందరి ముందూ బఠాణీలు ఏరిన మనిషి, తన పట్టీని ఆ పూట ఏ సీటు కింద దాచుకున్నాడో.

జాబితా ఉన్నచోట ఉన్నట్టే పెట్టాను. ఉప్పు సీసాలు రెండూ పైన పెట్టాను. పళ్ళాలు తెచ్చి ఇచ్చాను. నా పొట్లంలోంచే ఉప్పు వేసుకుని రెండు గుడ్లు తిన్నాడు. బాగుంది అన్నాడు.

సాయంత్రం తుపాకుల్ని తోపుడు బండిలో కూర్చోబెట్టి పట్టీలు బిగిస్తుంటే దగ్గరికి వెళ్ళాను.

"ఒరేయ్."

"ఏం వదినా?"

"అక్టోబరుకి ఏం మర్చిపోతున్నావు?"

పట్టీ మీద చెయ్యి ఆగింది. మార్వా వైపు చూశాడు. మార్వా తువ్వాలు వెతుక్కుంటోంది. వాడి చెవులు పన్నెండేళ్ళప్పటిలా ఎర్రబడ్డాయి.

"ఇంకా తేల్చుకోలేదు వదినా," అన్నాడు నెమ్మదిగా. "మిరియాలు అనుకుంటున్నాను."

"మిరియాలకి నలభై మైళ్ళు రాను. నాకూ పరువుంది. కాస్త బరువైనదేదైనా చూసి మర్చిపో."

తలగోక్కున్నాడు. "వచ్చే నెల ఇక్కడ భోజనాల వంతు మాది," అన్నాడు. "భోజనం మొత్తం మర్చిపోతే?"

"ఎంతమందికి?"

"అరవై."

"రాసుకో," అన్నాను.