నీలం నల్లగా కనబడిన ఏడాది

పెయింటర్ తాత పోయాడని మంగళవారం పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అలాగే ఒరిగిపోయాడట. నేనప్పుడు శేరిగూడలో, నేను పనిచేసే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆన్ చేస్తున్నాను. నిజం చెప్తున్నాను, ముందు ఏడుపు రాలేదు. అయ్యో, నేనింకా చెప్పనేలేదే అనిపించింది. మా పోటీలో పోయిన ఏడాది ప్రకటించిన ఫలితం తప్పని ఆటగాళ్లందరికీ చెప్తానని ఆయనకు మాటిచ్చాను. రేపు, ఎల్లుండి అంటూ ఎనిమిది నెలలు గడిపేశాను.

తాత గురించి చెప్పాలంటే ముందు ఆ పోటీ సంగతి చెప్పాలి. బల్ల మీద యుద్ధం ఆడే ఆట అది. బొటనవేలంత సైనికులు, అట్టతో చేసిన కోటలు, కొండలు. టేపుతో కొలిచి సైన్యాన్ని జరపాలి, పాచికలు వేసి కొట్టుకోవాలి. ఎవరి సైనికులకు వాళ్లే రంగులు వేసుకోవాలి, దానికీ మార్కులుంటాయి. ఏటా ఎండాకాలంలో ఇబ్రహీంపట్నంలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని రెండు రోజులు ఆడిస్తాం. 'ఆడిస్తాం' అని గొప్పగా అంటున్నాను గానీ బల్లలు మోయడం, ఎవరితో ఎవరు ఆడాలో జతలు కట్టడం, అర అంగుళం కోసం గొంతులు చించుకునేవాళ్లను విడదీయడం, స్కోరు చీటీలు కూడడం, అన్నీ నా నెత్తినే. రెండో రోజు సాయంత్రానికి ఎవరైనా నా పేరు పెట్టి పిలిచినా పలికే ఓపిక ఉండదు.

మొదటి ఏడాది బల్లలకు నంబర్లు రాయించడానికి తాత దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు సాగర్ రోడ్డు మీద సగం దుకాణాల బోర్డులు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతికి పని పోయింది. నంబర్లు దేనికని అడిగితే జేబులోంచి ఒక సైనికుణ్ణి తీసి చూపించాను.

"గీనికి రంగెవడు కొట్టిండ్రా?"

"నేనే తాతా."

"కండ్లు వెట్టకుండనే యుద్ధానికి తోల్తున్నవా బిడ్డా? యాడికని పోతడు పాపం!" అని ఒకటే నవ్వు. అప్పటికప్పుడే నాలుగు వెంట్రుకల కుంచె ఒకటి వెతికి తీసి, ఊపిరి బిగబట్టి ఆ బొమ్మకు కళ్లు పెట్టి చూపించాడు. ఆ ఏడాది నుంచి మా పోటీలో రంగులకు మార్కులు వేసేది ఆయనే.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చేవాడు. ఒక్కో సైన్యం ముందు పది నిమిషాలు వంగి చూసేవాడు, ముట్టుకునేవాడు కాదు. ఆట నియమాలు చెప్పబోతే వద్దనేవాడు. "ఎవడు గెలుస్తుండో నాకు చెప్పకు. తెలిస్తే చెయ్యి అటే ఒంగుతది" అనేవాడు. ముప్ఫైకి మార్కులు వేసి, అవి ఎందుకో పక్కనే ఒక ముక్క రాసేవాడు. పోటీ అయ్యాక చెక్క బోర్డు మీద ఏడాదికొక వరుసలో విజేత పేరు ఎర్రరంగుతో రాసేదీ ఆయనే. ఆ బోర్డు ఆయన ఇంట్లోనే ఉండేది. నలుగురు ఆయన్ని పనిమంతుడని పిలిచే రోజులు ఏడాది మొత్తంలో అవి రెండే. పోటీ తేదీ ఎప్పుడని సంక్రాంతి కాకముందే అడగడం మొదలుపెట్టేవాడు.

పోయిన ఏడాది చివరి చీటీ నా చేతికొచ్చేసరికి ఐదున్నర. ఆరింటికి హాలు ఖాళీ చేయాలి, రిసెప్షన్ వాళ్లు అప్పటికే స్టేజీకి పూలు కడుతున్నారు. ఆటలో జల్‌పల్లి నుంచి వచ్చే ఫార్మసీ అమ్మాయికి డెబ్బై ఎనిమిది, మన్నెగూడ అబ్బాయికి డెబ్బై మూడు. రంగులకు తాత ఆ అబ్బాయికి ఇరవై నాలుగు వేశాడు, ఆమెకు పన్నెండు. పక్కన ఇలా రాశాడు: "అంగీలకు నలుపు కొట్టి ఇడిసిపెట్టింది. పని లేదు."

ఆ అమ్మాయి సైన్యంలో అసలు నలుపే లేదు. అంగీలన్నీ నీలం. మడతల్లో ముదురు, అంచుల్లో లేత, మధ్యలో ఇంకొకటి. రెండు రోజులు ఆ బల్ల పక్క నుంచే తిరిగాను కాబట్టి నాకు బాగా తెలుసు. తాత చూపు దెబ్బతిన్నదని ఆ చీటీతోనే అర్థమైంది. ఆయన పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. వెళ్లి అడగొచ్చు. అడిగితే అంతమంది ముందు నీకు కనబడడం లేదని చెప్పినట్టే, మళ్లీ ఆయన్ని పిలిచేదెవరు? ఇది మంచి కారణంలాగే ఉంది. అసలు కారణం మాత్రం అది కాదు. కాళ్లు పీకుతున్నాయి, ఇంటికి పోవాలి. తొంభై ఏడు, తొంభై అని కూడి మన్నెగూడ అబ్బాయి పేరు చదివి కప్పు చేతికిచ్చేశాను. ఆ అమ్మాయి సైనికులను దూదిలో చుట్టి డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండు నెలలకు తాత కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. చూడడానికి వెళ్తే నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "పోటీ ఫోటోలుంటే జర చూపియ్" అన్నాడు. ఫోన్ ఇచ్చాను. ఒక ఫోటో దగ్గర ఆగాడు. అద్దాలు తీసి, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"గిది నీలం గదరా."

"అవ్ తాతా."

"నేను నలుపని రాసిన."

"అవ్."

"నా కండ్లకు మబ్బు వట్టింది. నీ కండ్లు మంచిగనే ఉండె గద?"

అంతకంటే గట్టిగా నన్నెవరూ తిట్టలేదు. నువ్వు బాధపడతావని చెప్పలేదు తాతా అన్నాను. "నా ఫికర్ నీకెందుకు? ఇద్దరం గల్సి పిల్ల పని ఆగం జేసినం" అన్నాడు.

చూపు కుదురుకోగానే నన్ను వెంటబెట్టుకుని బస్సులో జల్‌పల్లి వెళ్లాడు. వాళ్లమ్మ ముందే ఆ అమ్మాయితో, "తప్పు నాది బిడ్డా. నీ నీలం నాకు నల్లగ కనవడ్డది" అని చెప్పాడు. "పోనియ్ తాతా, గంతదానికి ఇంత దూరమొచ్చినవా?" అందామె. "గంతది కాదు. డబ్బా తే" అన్నాడు. గడప దగ్గర వెలుతురులో సైన్యమంతా నిలబెట్టించి మళ్లీ మార్కులు వేశాడు. ఇరవై ఏడు.

ఇంటికి రాగానే బోర్డు మీద చివరి వరుసలో ఉన్న మన్నెగూడ అబ్బాయి పేరుకు తెల్లరంగు కొట్టేశాడు. కొత్త పేరు మాత్రం రాయలేదు. "ముందు గా పిలగానికి చెప్పు, ఎన్క అందరికి చెప్పు. అప్పుడు రాస్త. చాటుకు మారిస్తే దొంగతనమైతది" అన్నాడు. సరేనన్నాను.

చెప్పలేదు. పరీక్షలన్నాను, జ్వరమన్నాను. ఆ అబ్బాయి గొడవ పెట్టుకుంటాడని, మన పోటీని నలుగురూ నవ్వుతారని నాకు నేనే చెప్పుకున్నాను. అన్నిటికంటే, ఆ మాట ఎత్తడానికే ఒంట్లో శక్తి లేనట్టుండేది. దారిలో కనబడినప్పుడల్లా తాత అడిగేవాడు: "రంగు ఎండింది బిడ్డా. చెప్పినవా?" రేపు చెప్తా తాతా అనేవాణ్ణి. పోయిన నెల నుంచి అడగడం మానేశాడు. అడిగి అడిగి ఆయనకూ విసుగొచ్చింది కాబోలు. ఇప్పుడు నన్ను కోస్తున్నది ఆ అడగకపోవడమే.

దహనమైన మూడో రోజు మన్నెగూడ అబ్బాయికి ఫోన్ చేశాను. అంతా విని, "నాకప్పుడే అనుమానముండె అన్నా. ఆ అక్క బొమ్మలు నా కంటె మస్తుండె. కప్పు తెచ్చిస్త తీ" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అందరికీ మెసేజ్ పెట్టడానికి ఇంకో రెండు నిమిషాలు. ఫోన్ పక్కన పెట్టి అప్పుడేడ్చాను. ఒక ముసలాయన ఎనిమిది నెలలు ఎదురుచూసింది దీనికోసమా అని నా మీద నాకే రోత పుట్టింది. ఈసారి పోటీ ఎప్పుడని అడుగుతున్నారు. నాకు తెలియదు.

మెసేజ్ చూసి నిన్న జల్‌పల్లి అమ్మాయి పెయింటర్ తాత ఇంటికొచ్చింది. కోడలు బీరువా వెనక నుంచి చెక్క బోర్డు తీసి గోడకు ఆనించింది. ఎర్రక్షరాల వరుసలు, అన్నిటికంటే కింద తెల్లటి పట్టీ. వేరే ఎవరితోనైనా రాయిస్తానని గొణిగాను. ఆ అమ్మాయి వినలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ తెలుపు వైపే చూస్తోంది. నేనూ వంగి చూశాను. పైన ఒకటి, కింద ఒకటి సన్నని పెన్సిల్ గీతలు, వాటి మధ్య సమాన దూరంలో చిన్న చిన్న గుర్తులు. ఏ అక్షరం ఎక్కడ రావాలో తాత ఎప్పుడో కొలిచి పెట్టుకున్నాడు.

ఆమె పెదవులు కదుపుతూ ఆ గుర్తుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"మా ఇంటిపేరు గూడ పట్టేటట్టు కొలిచిండన్నా" అంది.