ఎడమచేతి నేత

పోయిన నెల ఒక ఆదివారం, మా భవానీపురం అపార్టుమెంటు కింద కార్లు పెట్టుకునే చోట రెండు టేబుళ్ళు వేసి, ఒక అమ్మాయి చేనేత చీరలు అమ్మకానికి పెట్టింది. అసోసియేషన్ వాళ్ళు వారానికొకరికి ఆ చోటు ఇస్తూంటారు, ఒకవారం పచ్చళ్ళు, ఒకవారం పూలమొక్కలు, అలాగే ఆ వారం చీరలు. కొనే ఉద్దేశం లేకపోయినా చీర కనబడితే చెయ్యి ఊరుకోదు కదా, మన వయసువాళ్ళకి మరీనూ. ఒక ఆకుపచ్చ చీర మడత విప్పితే కొంగు కొసన చిన్న అట్టముక్క కట్టి ఉంది, దాని మీద ఆ అమ్మాయి ఫొటో, పేరు, ఈ చీర నేసింది తనేనన్న మాటా ఉన్నాయి. నేను చదివి ఊరుకోకుండా అలవాటు కొద్దీ రెండంచులూ బొటనవేలితో తడుముతూ పోయాను. అది చూసి ఆ అమ్మాయి, "మీకు నేత వచ్చా అమ్మా?" అని అడిగింది. నేనేం చెప్పానో చివర్లో రాస్తాను, ముందే రాస్తే మీరు నన్ను తిట్టుకుని ఈ కాగితం పక్కన పడేస్తారు.

మాది ఉయ్యూరు దాటాక కాలువ గట్టు మీద ఒక ఊరు. చెరకు ఆడే రోజుల్లో గాలంతా పాకం వాసన వేసేది, చెరకు బళ్ళు వరసగా పోతూంటే పిల్లలం వెనకాల నుంచి గడలు లాగేవాళ్ళం. మాది నేతవాళ్ళ వీధి. ముందుగదిలో నేలలో గుంట, ఆ గుంటలోకి కాళ్ళు పెట్టి కూర్చుని నేసే మగ్గం, ఆ శబ్దం లేని పగలు నాకు గుర్తులేదు. వేరే వీధుల్లో ఆడవాళ్ళు నేసేవాళ్ళని విన్నాను గానీ మా ఇంటికి మాత్రం ఒక కట్టడి ఉండేది. ఆడవాళ్ళు రాట్నం మీద నూలు కండెలు చుట్టాలి, పడుగుకి గంజి పెట్టాలి, తెగిన పోగులు అతకాలి, అంతవరకే, గుంటలో కాలు పెట్టకూడదు. ఎప్పుడో మా నాయనమ్మ హయాంలో ఎవరో ఆడపడుచు కూర్చుంటే ఆ ఏడు ఇంట్లో చావు జరిగిందట. చావులు జరగని ఇల్లు ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

దానికి తోడు నాది ఎడమచేతివాటం. ఎడమచేత్తో అన్నం తింటున్నానని నాన్న చింతబరికెతో కొట్టి కుడిచెయ్యి అలవాటు చేశాడు గానీ, పనిలోకి దిగితే చెయ్యి దాని దారిన అది పోయేది. నోట్లో నాలుక లేని పిల్ల అని వీధిలో అందరూ నన్ను మెచ్చుకునేవారు. ఇంట్లో మా అమ్మతోనూ అన్నయ్యతోనూ నేను పెట్టుకునే తగువులు వాళ్ళకేం తెలుసు? ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అచ్చం అదే నేను.

నాన్నకి కళ్ళు మసకబారాక నేత మానేసి, వీధిలో నలుగురి చీరలూ మూటగట్టి రోజూ పొద్దున బస్సులో బెజవాడ కొట్లకి పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. మగ్గం అన్నయ్య చేతికి వచ్చింది. అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద, వాడిది బంగారంలాంటి మనసు, చెయ్యి మాత్రం సాదా నేతకి సరిపోయే చెయ్యి. బుటా వచ్చిందంటే లెక్క తప్పేవాడు. ఒకరోజు రాట్నం దగ్గర కూర్చున్నదాన్ని ఉండబట్టలేక, ఎక్కడ తప్పాడో చెప్పాను. వాడు నావైపు కాసేపు చూసి, లేచి గుంటలోంచి బయటికొచ్చి, నన్ను కూర్చోమన్నాడు. ఆ రోజు నుంచి రెండేళ్ళపాటు, నాన్న బస్సెక్కడమే తరవాయి, నేను మగ్గం మీద, వాడు రాట్నం దగ్గర. అమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఎవరైనా మెట్లెక్కబోతే దగ్గేది. మేం చోట్లు మార్చుకునేవాళ్ళం. ఏ దోషానికి భయపడిందో గానీ నన్ను దిగమని మాత్రం అమ్మ ఎప్పుడూ అనలేదు.

గొప్ప చెప్పుకోవడం కాదు, చెయ్యి నాకు పుట్టుకతో వచ్చింది. పోగుల లెక్క రాసుకోకుండా తలలోనే ఉండేది. ఆ రెండో ఏడు ఉల్లిపొర రంగు ఒంటికి ఆకుపచ్చ అంచు పెట్టి, ఆ అంచులో చెరకు గడ కణుపులు ఒకదాని మీద ఒకటి లేచినట్టు ఒక చీర నేశాను. అలాంటి అంచు అంతకుముందు మా వీధిలో ఎవరూ వెయ్యలేదు. మగ్గం మీంచి కోసిన రోజు అన్నయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని అంచులో కణుపులన్నీ ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మా ఊరి నేత సంఘం వాళ్ళు, మంచి పనివాణ్ణి ఒకణ్ణి ఎంచి బెజవాడ పంపి, ఏడాదిపాటు డిజైన్ల పని నేర్పించి, తర్వాత సంఘంలోనే డిజైన్లు వేసే ఉద్యోగం ఇస్తామన్నారు. నాన్న ఆ చీరని కొడుకు పేరు మీద ఇచ్చి వచ్చాడు. మా చీరే నెగ్గింది. నాన్న మసక కళ్ళతోనే వీధంతా తిరిగి, నా కొడుకు చెయ్యి అని చెప్పుకున్నాడు. ఆ ఆనందం చూశాక నిజం చెప్పడానికి మాకు మనసు రాలేదు. ఆఖరి మాటగా సంఘం పెద్దాయన నలుగురితో ఇంటికొచ్చి మగ్గం చూసి వెళ్ళాలి. ఆయన చేత్తో తడిమాడంటే నేత ఎవరిదో చెప్పేస్తాడని పేరు. అన్నయ్య ఆయన్ని ముందే కదిపి చూశాడట, ఆడపిల్లయితే పంపిస్తారా అని, ఊరికే అడిగినట్టు. చెయ్యి కావాలి గానీ ఎవరైతేనేంరా అన్నాడట ఆయన.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున పెరట్లో నేను నీళ్ళు తోడుతూంటే అన్నయ్య వచ్చాడు. "నేను చెబితే నాన్న కాదంటాడు, అప్పుడు నిన్నడుగుతారు, నువ్వు బెదిరిపోతావు. అందుకే నీ నోటితోనే రావాలి చెల్లీ. నేను నేశానండీ అను, చాలు. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. నేను తలూపాను. చేద తాడు పట్టుకుని ఆ మాట లోపల పదిసార్లు అనుకున్నాను కూడా.

పెద్దాయన చీర విప్పి, కళ్ళు మూసుకుని, అంచు వెంట వేలు పోనిచ్చాడు. నాడెని అటూ ఇటూ పరిగెత్తించే తాడు ఒక చెయ్యి లాగుతుంది, పోగుని బిగించే పలకను రెండో చెయ్యి కొడుతుంది, కొట్టే చేతిని బట్టి ఒకవైపు అంచు రవ్వంత బిగువుగా వస్తుంది. కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. ఆయన కళ్ళు తెరిచి, "ఇది ఎడమచేతి నేత. నీది కుడిచెయ్యి కదా బాబూ. కూర్చో, ఒక జానెడు నెయ్యి చూద్దాం," అన్నాడు. గదిలో పదిమంది, గుమ్మంలో వీధంతా. అన్నయ్య గుంటలోకి దిగి, నాడె తాడు చేతిలోకి తీసుకుని, నావైపు చూశాడు. నేను రాట్నం పక్కన నిలబడి ఉన్నాను. వాడు నాలుగు పోగులు నేసి తప్పాడు, విప్పి మళ్ళీ నేసి తప్పాడు, తప్పినప్పుడల్లా నావైపు చూశాడు. ఎవరో నవ్వారు. నాన్న కళ్ళు చికిలించి, ఏమైందిరా అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి అన్నయ్య నాడె తాడు వదిలేసి, "చెయ్యి కుదరట్లేదండీ," అన్నాడు. ఆ తర్వాత నావైపు చూడలేదు.

అప్పటికి బెజవాడ బట్టల వ్యాపారస్తుల సంబంధం ఒకటి నాకు నడుస్తోంది, అది పోతుందని నోరు విప్పలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. అంతమంది కళ్ళు ఒక్కసారిగా నామీదికి తిరుగుతాయని భయపడ్డాను, అంతే. అంత చిన్న భయం.

ఎవరి చీరో తెచ్చి తనదని పెట్టాడని ఊరు తేల్చేసింది. సంఘం నూలు ఇవ్వడం మానేసింది, చీర తిప్పి పంపేసింది. నాన్న కొడుకుతో మాట మానేశాడు. పెద్దాయన మాత్రం వెళ్తూ వెళ్తూ నా చేతులవైపు చూశాడని నాకు అనుమానం, అయినా ఏమీ అనలేదు. నలుగురూ ఉన్నారు కదా, నా అంతట నేను చెప్పాలని ఆగాడేమో. అన్నయ్య చెరకు కొట్టే ముఠాలో చేరాడు. కత్తికి, చెరకు ఆకుకి వాడి వేళ్ళు చీలికలు పడి, ఆ తర్వాత సన్నపోగు పట్టుకోవడానికి పనికిరాకుండా పోయాయి. నా పెళ్ళి అయిపోయింది. అమ్మ ఆ చీర నా పెట్టెలో అడుగున పెట్టి పంపింది.

పెళ్ళయిన రెండో ఏడు వాడొకసారి బెజవాడ వన్ టౌన్‌లో మా కొట్టు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు. తాగిన వాసన వచ్చింది. మగ్గం ఉందా మీ ఇంట్లో అని అడిగాడు. లేదన్నయ్యా, వీళ్ళది అమ్మకమే, నేత లేదు అన్నాను. "నువ్వైనా నేస్తున్నావనుకున్నాను," అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ వానాకాలం లాకుల దగ్గర కాలువలో శవమై తేలాడు. కాలు జారిందన్నారు, తాగి ఉన్నాడన్నారు. ఎవరేం చెప్పినా నేను తలూపాను.

తర్వాత నలభై ఏళ్ళు ఆ కొట్టులో కూర్చున్నాను. చీర పట్టుకుంటే మంచిదో కాదో ఈవిడ చెప్పేస్తుందని పేరు తెచ్చుకున్నాను. పుట్టుకతో వచ్చిన చెయ్యి చివరికి అందుకు పనికొచ్చింది. వేరేవాళ్ళు నేసినవి మడతలు పెట్టడానికి.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలు లేవు, గుంటలు పూడ్చి పైన గచ్చు చేయించుకున్నారు. నేసేచోట ఆడపిల్లలే నేస్తున్నారు, తమ చీరకి తమ ఫొటో కట్టి వందమంది ముందు నిలబడి అమ్ముకుంటున్నారు. ఏ చేత్తో నేశావని వాళ్ళనెవరూ అడగరు. చూడ్డానికి సంతోషంగానే ఉంది. ఇంతకీ ఆ అమ్మాయి అడిగిందానికి నేను చెప్పిన జవాబు, "నాకు రాదమ్మా, మా అన్నయ్య నేసేవాడు," అని. అన్నయ్యగారు ఇంకా నేస్తున్నారా అని అడిగింది పాపం. ఆ ఆకుపచ్చ చీర కొనేసి పైకి వచ్చేశాను.

ఆ సాయంత్రం బీరువాలోంచి ఉల్లిపొర రంగు చీర తీశాను. మడతల దగ్గర చిరుగులు పట్టింది గానీ అంచు బిగువు అలాగే ఉంది. పాత శుభలేఖ అట్ట ముక్క కత్తిరించి, మూలన బెజ్జం పెట్టి, దారం కూడా ఎక్కించాను. మీకింత చెప్పగలిగానంటే మీ ముఖాలు నాకు కనబడవు కాబట్టి. ఆ అట్ట ఎవరో ఒకరు చదువుతారు, చదివి నావైపు చూస్తారు. నెల దాటింది, దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.