నటన నేర్చినోడు

భీమిలి బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రోడు మూడేళ్లు నటన నేర్చుకున్నాడట, వెబ్ సిరీస్‌ల కోసం. ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకు నవ్వాగలేదు.

చిటికెన వేలు చెవిలో తిప్పుకుంటూ, “ఏటి బావా, ఏడవడానికి కూడా మాస్టారు కావాలేటి? మా గోపాలపట్నంలో సెలవు కోసం ఒకే తాతని మూడుసార్లు సంపి ఏడిసినోళ్లున్నారు,” అన్నాను.

“రేపు ఆడిషనండి. హార్బర్ రౌడీ వేషం. ఇదీ పోతే ఊరెళ్లిపోవడమేనండి.”

“నీ మొకానికి రౌడీయా? సేపలు కూడా బయపడవు.”

దిగేదాకా ఏడిపించాను. వాడు కోప్పడలేదు, నన్నే చూస్తూ కూర్చున్నాడు.

మొన్న మా ఆవిడ ఫోన్‌లో ఏదో సిరీస్ చూస్తోంది. అందులో వాడే, హార్బర్ రౌడీగా. చిటికెన వేలు చెవిలో తిప్పుకుంటూ ఎవడినో వెటకారం చేస్తున్నాడు.

“ఎవుడీ ఎదవ? అచ్చం నీలాగున్నాడు,” అంది.

చెవి దాకా వెళ్లిన చెయ్యి దించేసుకున్నాను.