బరువు చూసి కొన్న బ్యాటరీ

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాడలో సెరెన్‌ఖాండ్ మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. ఇరవై ఏళ్లకు పైగా ట్రాలీబస్సు నడిపిన మనిషి. పదవీ విరమణ అయ్యాక జపాన్ నుంచి వచ్చిన పాత హైబ్రిడ్ కారు కొని టాక్సీ తిప్పుతోంది. బ్యాటరీ కొనాలంటే ఆమె పద్ధతి ఒకటే: రెండు చేతులతో ఎత్తి చూడడం, ఏది బరువుంటే అది తీసుకోవడం. మన చలికి బరువైనదే తట్టుకుంటుందని ఆమె గట్టి నమ్మకం. వాడలో సగం మంది ఆమెను అడిగే కొన్నారు.

చలికాలం రాత్రుళ్లు ఆ వాడలో బ్యాటరీలు చలికి చచ్చిపోకుండా గొర్రెపిల్లల్లా ఇంట్లో పొయ్యి పక్కనే పడుకుంటాయి. నిన్న రాత్రి మాత్రం మనవరాలు అనుదరి దగ్గుతో మెలికలు తిరిగిపోతుంటే, సెరెన్‌ఖాండ్‌కు బ్యాటరీ విప్పి తెచ్చే తీరికే దొరకలేదు. తెల్లారి చూస్తే కారు చచ్చి ఊరుకుంది. పిల్లకు రోజూ మధ్యాహ్నంలోపు ఆసుపత్రిలో ఆవిరిమందు పట్టించాలి. ఒక్కరోజు తప్పినా ఊరుకోనని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. పక్కింటాయన తన బండి నుంచి వైర్లు కలిపి కారును లేపాడు. ఇక దారిలో ఆపకూడదు, ఆపితే మళ్లీ లేవదు. పిల్లను దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడేసుకుని, ఆమె నేరుగా బ్యాటరీ బజారుకు పోయింది.

బండి ఆపాక, అంగడి పూరెవ్ డిక్కీ మూలలోంచి పాత బ్యాటరీ బయటికి లాగాడు.

"అక్కా, దీన్ని ఎవడు అంటగట్టాడు నీకు?"

"ఎవడూ అంటగట్టలేదు. నేనే ఏరుకున్నా. ఏం, బరువు చాల్లేదా?"

"బరువు సరే! దీనికి గొట్టం దూర్చే కన్నమే లేదు." డిక్కీ మూలలో సన్నటి రబ్బరు గొట్టం ఉత్తినే వేలాడుతోంది. "మామూలు బండికైతే బ్యాటరీ ముందు బానెట్ కింద ఉంటుంది, అది వదిలే విషపు గాలి ఎటు పోతే మనకేం? ఇందులో డిక్కీలో, మనుషులు పీల్చే గాలి మధ్యనే పెట్టారు. ఆ గాలిని బయటికి పంపేది ఈ గొట్టమే."

"అయితే గొట్టమున్నదే ఇవ్వరా, నీతులు తర్వాత."

పూరెవ్ బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి కొత్తది, బరువైనది, కన్నం లేనిది. రెండోది చిన్నది, గుద్దుకుపోయిన బండిలోంచి విప్పినది, గొట్టానికి కన్నమున్నది.

"కొత్తదానితో బండి ఖాయంగా లేస్తుంది. ఈ చిన్నదానితో లేస్తుందో లేదో నేను పూచీ పడను. గొట్టమున్న కొత్త సరుకు వచ్చే వారానికి గాని రాదు."

సెరెన్‌ఖాండ్ చిన్నదాన్ని ఎత్తింది. అయ్యో, ఇంత తేలికా! ఆమె చేతులు ఒప్పుకోలేదు. బయట మైనస్ ముప్పై. కారు ఆగిపోయింది, పిల్ల అందులోనే ఉంది. ఇది లేవకపోతే ఆవిరిమందు మాట దేవుడెరుగు, ముందు పిల్ల గడ్డకట్టుకుపోతుంది. వెనక సీట్లోంచి దగ్గు వినిపించింది.

"ఇంత బక్కది ఇంజన్‌ను ఏం తిప్పుతుందిరా?"

"తిప్పేది ఇది కాదక్కా, వెనక సీటు కింద పెద్దది ఉంది. దీని పని దాన్ని నిద్ర లేపడమే."

ఇన్నేళ్లు స్టీరింగు పట్టుకున్న మనిషికి ఆ సంగతి తెలియదు. సిగ్గుతో ఆమె చెవులు కాలాయి.

"చిన్నదే పెట్టు. గొట్టం సరిగ్గా దూర్చు, లేకపోతే నీ తోలు వలుస్తా."

పూరెవ్ బోల్టులు బిగిస్తున్నంతసేపూ ఆమె కిటికీలోంచి పిల్ల పెదాల రంగే చూస్తూ నిలబడింది. తర్వాత కూర్చుని బటన్ నొక్కింది. మీటరు అద్దం వెనక అంకెలు మసగ్గా మిణుకుమని ఆరిపోయాయి. "ఇంకోసారి, అక్కా!" అని పూరెవ్ అరిచాడు. మళ్లీ నొక్కింది. ఈసారి బండి సిద్ధమనే పచ్చదీపం వెలిగి నిలిచింది.

ఆసుపత్రి మలుపు దగ్గరకు వచ్చేసరికి కారు వెచ్చబడింది. అనుదరి దుప్పటిలోంచి తల బయటపెట్టింది.

"అమ్మమ్మా, ఇవాళ కారులో కుళ్లిన గుడ్డు కంపు లేదే!"

సెరెన్‌ఖాండ్‌కు ఆ కంపు ఎన్నడూ తెలియలేదు. వాడలోని పొయ్యిల బొగ్గు పొగకు ఆమె ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

"రోజూ వచ్చేదా?"

"చలి మొదలైనప్పట్నుంచీ. కళ్లు మండేవి కూడా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదే, నా తల్లీ?"

"చెప్పాగా. కిటికీ దించమంటే, చలికి దగ్గు ముదురుతుందని నువ్వే గట్టిగా ఎక్కించేశావు."